యువజన కేంద్రం తాళం ఎవరి దగ్గర ఉండాలి?

సాయంత్రం_బ్యాచ్
పల్లెల్లో యువజన కేంద్రాలు చాలావరకు పొద్దున 10కి తెరిచి సాయంత్రం 5కి మూసేస్తారు. ఆ టైములో చదువుకునేవాళ్లు బడిలో, పనికెళ్లేవాళ్లు పనిలో ఉంటారు. వాళ్లకి ఖాళీ దొరికేది 5:30 నుంచి 9 దాకా, ఆదివారం పూర్తిగా. సరిగ్గా అప్పుడే తలుపుకి తాళం. జీతం మీద ఉన్న ఒక్క కార్యకర్త పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోలేరు, ఒప్పుకుంటాను. అందుకని నేననేది ఇది: 16 దాటినవాళ్లలో ఆరుగురిని ఎంచి, ఇద్దరిద్దరికి వంతులు వేసి తాళంచెవి చేతికివ్వాలి. జతలో ఒకరికి 18 నిండి ఉండాలి. తీసినప్పుడు, వేసినప్పుడు రిజిస్టరులో టైము, రెండు సంతకాలు. సామాను లెక్క చూసుకోవాలి. అంతే. ఎవరికేం అభ్యంతరం?

పాతకాపు
"అంతే" అన్నారు చూడండి, అసలు పని అక్కడే మొదలవుతుంది.

పెద్దవాళ్లు లేని గదిలో క్యారమ్ బోర్డు, ఫ్యాను, నాలుగు కుర్చీలు పడేస్తే దాన్ని కేంద్రం అనరు. స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద మహోనీ, స్టాటిన్ చేసిన పరిశీలన 2000లో వచ్చింది. ఒక పద్ధతి, పెద్దల మార్గదర్శనం ఉన్న కార్యక్రమాలకి వెళ్లే పిల్లల్లో దుడుకుతనం తక్కువగా, ఏ కార్యక్రమం లేకుండా ఊరికే పోగయ్యే కేంద్రాలకి వెళ్లేవాళ్లలో ఎక్కువగా కనిపించింది. మంచి ఉద్దేశంతో తెరిచిన తలుపులే అవి కూడా.

ఇంకోటి, వయసు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత అంటే 15 నుంచి 24. కానీ తలుపు తెరిచి ఉంటే 11 ఏళ్లవాడూ వస్తాడు, 32 ఏళ్లాయనా వస్తాడు. ఆ పెద్దాయన్ని "మీకు ఇక్కడ పనిలేదు, బయటికి నడవండి" అని మీ 18 ఏళ్ల తాళం మనిషి అనగలడా? ఊళ్లో ఆయన వరసకి బాబాయో మామయ్యో అయి ఉంటాడు. బయటినుంచి వచ్చిన కార్యకర్త అయితే ఆ మాట అనగలరు. జీతం ఇచ్చేది సగం అందుకే.

సాయంత్రం_బ్యాచ్
పాతకాపు గారూ, ఆ పరిశీలన చూపించింది సంబంధాన్ని, కారణాన్ని కాదు. ఇంట్లో, బడిలో అప్పటికే పొసగని పిల్లలే అలాంటి చోటికి ఎక్కువగా చేరి ఉండొచ్చు. పైగా అక్కడ లేనిది పద్ధతి. పద్ధతికి తల నెరిసి ఉండాలని లేదు. క్యారమ్ ఒక బోర్డు అయితే తర్వాతి జట్టు పేర్లు పలక మీద రాయాలి, గెలిచిన జట్టు రెండాటలకి మించి కూర్చోకూడదు. కంప్యూటర్ మనిషికి 30 నిమిషాలు. దరఖాస్తు గడువు దగ్గరపడ్డవాళ్లకి ముందు. మూసేముందు కాయిన్లు లెక్కపెట్టాలి: తొమ్మిది తెలుపు, తొమ్మిది నలుపు, ఒక ఎరుపు, స్ట్రైకర్. ఇది 16 ఏళ్లవాళ్లకి రాని విద్యా?

ఫ్యూజ్‌వైర్
తాళం ఎవరైనా ఉంచుకోండి గానీ, మూసేటప్పుడు మెయిన్ ఎవరు ఆపుతారో చెప్పండి. ఇన్వర్టర్లు పాడయ్యేది అక్కడే.

"వెళ్లేటప్పుడు మెయిన్ ఆపండి" అని గోడమీద రాసిపెడతారు. నమ్మకస్తులు ఆపేసి వెళ్తారు. ఇన్వర్టర్ మెయిన్ తర్వాత ఉంటే దానికి కరెంటు పోయినట్టే. రాత్రంతా చార్జింగ్ ఉండదు సరికదా, లోడు లేకపోయినా ఇన్వర్టర్ బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. సగం ఖాళీ అయిన 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ 15 ఆంపియర్లతో నిండాలంటే ఆరేడు గంటలు కావాలి. ఆ గంటలు దానికి దొరికేది రాత్రే. రోజూ సగం ఖాళీతో నిలవుంటే ప్లేట్లకి సల్ఫేట్ పేరుకుపోతుంది, కొన్ని నెలలకి గంట కూడా నిలబడదు. అప్పుడు "కుర్రాళ్లు పాడుచేశారు" అంటారు.

లెక్క చూడండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే 1800 వాట్ అవర్లు. బ్యాటరీ మన్నాలంటే సగమే వాడాలి: 900. ఇన్వర్టర్ నష్టం 15 శాతం తీస్తే 765. మూడు పాత ఫ్యాన్లు 75 చొప్పున 225, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు 20 చొప్పున 80, మొత్తం 305 వాట్లు. రెండున్నర గంటలు వస్తుంది. ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తాగే రకం) పెడితే మొత్తం 170, నాలుగున్నర గంటలు. మీ 5:30 నుంచి 9 అనే లెక్క ఫ్యాన్ల మీద ఆధారపడి ఉంది, తాళం మీద కాదు.

పాతకాపు
చూశారా! ఇదే నేననేది. పెద్దవాళ్లు లేకపోతే బ్యాటరీ గతి అంతే.

ఫ్యూజ్‌వైర్
నేనలా అనలేదండీ. ఆ బోర్డు రాసేది పెద్దవాళ్లే.

అట్టపుస్తకం
😀

సాయంత్రం_బ్యాచ్
పాతకాపు గారికి బ్యాటరీ కూడా వయసు చూసే పనిచేయాలి కాబోలు.

పాతకాపు
వెటకారం మానేసి దీనికి జవాబు చెప్పండి. 1989 బాలల హక్కుల ఒడంబడిక ప్రకారం 18 లోపు అందరూ పిల్లలే. పిల్లలుండే చోట కనీస నియమాలు: తలుపు మూసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల లేదా పిల్లాడు ఒంటరిగా ఉండకూడదు, ప్రతి గది తలుపుకి లోపల కనిపించేలా అద్దం ముక్క ఉండాలి, ఫిర్యాదు పెట్టె తాళం కేంద్రంలో పనిచేసేవాళ్ల దగ్గర కాకుండా బయటివాళ్ల దగ్గర ఉండాలి. మీ పద్ధతిలో 18 ఏళ్లతను "పెద్ద" అయ్యాడు, వంతుకి రెండోవాడు రాలేదు, లోపల 12 ఏళ్ల పిల్ల ఒక్కతే కంప్యూటర్ దగ్గర ఉంది. ఏం చేస్తాడు?

సాయంత్రం_బ్యాచ్
తలుపు తియ్యడు. ఇద్దరు వస్తేనే తాళం. తీశాక ఒకరు వెళ్లాల్సి వస్తే అందర్నీ పంపేసి మూస్తారు. కావాలంటే రెండు తాళాలు వేయండి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో చెవి. నంబర్ తాళం మాత్రం వద్దు, వారం తిరక్కుండా ఊరందరికీ ఆ నంబర్ తెలిసిపోతుంది. 15 లోపు పిల్లలు 7 దాటాక ఉండకూడదని కూడా పెట్టొచ్చు. నియమాలు మేం వద్దనట్లేదు, మీరు లేనప్పుడు కూడా నియమాలు పనిచేస్తాయంటున్నాం.

చివరి_బస్సు
తాళం గురించి ఇన్ని పోస్టులు వచ్చాయి. అమ్మాయిలు ఎందుకు రారో ఒక్కరూ అడగలేదు. తలుపు పగలు తెరిచి ఉన్నా రారు.

లోపలికి వెళ్లాలంటే అరుగు మీద కూర్చున్న పదిమందిని దాటుకుని వెళ్లాలి. క్యారమ్ బోర్డు ముందుగదిలోనే ఉంటుంది, పుస్తకాలు, కంప్యూటర్లు వెనక. అంటే చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఆట మధ్యలోంచి నడవాలి. బోర్డుని వెనక్కి, పుస్తకాల్ని ముందుకి మార్చడానికి మధ్యాహ్నం చాలు. బళ్లు ఆపే చోటు, కూర్చునే బెంచీ గుమ్మానికి అటువైపు పెట్టండి. మరుగుదొడ్డికి లోపలి గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తడబ్బా కావాలి. గడియ ఊడిపోయిందంటే ఆ నెల ఎవరూ రారు, ఎందుకు రాలేదో కూడా చెప్పరు. గేటు నుంచి రోడ్డు దాకా లైటు కావాలి. మూసే టైము గడియారాన్ని బట్టి కాదు, చివరి బస్సుని బట్టి పెట్టాలి. బస్సుకి అరగంట ముందు బయటపడేలా.

శనివారం 3 నుంచి 5 అమ్మాయిలకి అని రాసి పెడతారు. ఆ రెండు గంటలూ క్యారమ్ ఆగదు. "వాళ్లు ఎలాగూ రావట్లేదు కదా" అంటారు.

సాయంత్రం_బ్యాచ్
చివరి_బస్సు గారూ, బోర్డు మార్చడం సరే. కానీ అరుగు మీద కూర్చోవద్దంటే అక్కడికొచ్చే ఆ పదిమందీ రారు.

చివరి_బస్సు
వాళ్లు రాకపోతే కేంద్రం పడిపోతుందా? మిగతా ఊరి సంగతి?

అట్టపుస్తకం
పడిపోదు, లెక్క పడిపోతుంది. రిజిస్టరులో రాసేవి రాకలు, మనుషులు కాదు. అదే 20 మంది 25 రోజులు వస్తే "500 మంది యువత లబ్ధి పొందారు" అని నివేదిక వెళ్తుంది. నెలాఖరున విడివిడి పేర్లు లెక్కపెట్టండి, ఆడ మగ విడదీయండి, కొత్తగా చేరిన పేర్ల కింద గీత గీయండి. రిజిస్టరు అదే, అరగంట పని. ఎవరూ చెయ్యరు, ఎందుకంటే 500 కాస్తా 20 అవుతుంది.

పాతకాపు
నిధులిచ్చేవాళ్లు అడిగేది రాకలే. మేం కనిపెట్టింది కాదు.

సాయంత్రం_బ్యాచ్
అదీ సంగతి! రాకల కోసం మేం కావాలి, తాళం దగ్గర మాత్రం మేం పిల్లలం. కమిటీలో ఇద్దరు కుర్రాళ్ల పేర్లుంటాయి, మీటింగు అయిపోయాక మినిట్స్ బుక్కు ఇంటికి పంపి సంతకం పెట్టించుకుంటారు. నాచేతా అలాగే పెట్టించుకున్నారు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో పిల్లల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీశాడు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు: చెప్పినట్టు ఆడించడం, అలంకరణకి వాడుకోవడం, పేరుకి కూర్చోబెట్టడం. మన కేంద్రాలు మూడో మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాయి. మీకు కావాల్సింది పిల్లల భద్రత కాదు, మీ ఉద్యోగ భద్రత.

పాతకాపు
అవును, ఉద్యోగ భద్రతే. దాచుకోవాల్సిన పనిలేదు. రాత్రి 8కి ఎవరి కాలు విరిగినా, ఎవరి మీద ఎవరు చెయ్యి వేసినా ఫోన్ వచ్చేది కార్యకర్తకి. మీ ఆరుగురిలో 18 నిండనివాళ్ల సంతకానికి విలువ లేదు. నిండినవాళ్లు ఎక్కడుంటారు? చదువుకో ఉద్యోగానికో పట్నంలో ఉంటారు. ఇవాళ తాళం తీసుకున్న మనిషి రెండేళ్లలో ఊళ్లో ఉండడు. పని నేర్పేది మేము, నేర్చుకుని పోయేది మీరు, మళ్లీ మొదటినుంచి నేర్పేది మేము. ఉండేవాళ్లకి కదా తాళం ఇవ్వాల్సింది?

సాయంత్రం_బ్యాచ్
ఇప్పుడు బయటపడింది. అంటే ఊళ్లో ఉండిపోయేవాళ్లకే కేంద్రం మీద హక్కు. బయటికి వెళ్లడానికి దరఖాస్తు నింపుకునేవాళ్లు, సర్టిఫికెట్లు స్కాన్ చేసుకునేవాళ్లు చుట్టాల్లాంటివాళ్లు.

పాతకాపు
అలా అనలేదు. కానీ కేంద్రం పెట్టింది ఊరు ఖాళీ చేయడానికైతే కాదు.

చివరి_బస్సు
నాకైతే వెళ్లడానికే కావాలండీ. అక్కడ పనిచేసే ప్రింటరు ఒకటి ఉంటే చాలు. ఇంకు ప్రింటరు పెట్టి మూడు వారాలు వాడకపోతే నాజిల్ ఎండిపోయి, గడువు రోజున గీతలు వస్తాయి. లేజర్ పెట్టండి. లేదంటే వారానికొక రంగుల పేజీ తియ్యండి. అప్‌లోడ్ చేసే ఫోటో సైజు తగ్గించడం ఎలాగో ఒక కాగితం మీద మెట్టుమెట్టుగా రాసి కంప్యూటర్ పక్కన అతికించండి.

వెళ్లిపోతారు కాబట్టి తాళం ఇవ్వం అంటే, ఆడపిల్లకి చదువెందుకు అనే మాటకీ దీనికీ తేడా నాకు కనిపించట్లేదు.

మోడరేటర్
ఇక్కడ కాస్త నెమ్మదించండి. రెండు పోస్టులు తీసేశాను.

పాతకాపు
ఆ పోలిక అన్యాయం. అయినా సరే. వెళ్లేవాళ్లకే తాళం ఇవ్వాలంటే ఒక షరతు: వెళ్లడానికి మూడు నెలల ముందు 16, 17 ఏళ్లవాళ్లని ఇద్దర్ని పక్కన పెట్టుకుని నేర్పించాలి. అప్పగింత కాగితం మీద సామాను, చెవులు, బాకీ ఉన్న పుస్తకాలు రాసి ఇవ్వాలి. చెప్పకుండా మాయమైతే ఆ వారమే తాళం మార్చాలి. రాత్రి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో రాగల పెద్దవాళ్ల పేర్లు రెండు తలుపు మీద ఉండాలి. వాళ్లు లోపల కూర్చోనక్కర్లేదు. ఇంతకుమించి దిగను.

సాయంత్రం_బ్యాచ్
ఆ రెండు పేర్లు ఎవరు ఎంచుతారు? మీరా, మేమా?

పాతకాపు
కమిటీ.

సాయంత్రం_బ్యాచ్
ఏ కమిటీ? సంతకాలు ఇంటికి పంపే కమిటీయేనా?

చివరి_బస్సు
ఒక పేరు ఆడవాళ్లది ఉండాలి. లేకపోతే ఫోన్ చేసేది ఎవరు.

ఫ్యూజ్‌వైర్
మెయిన్ ఆపనక్కర్లేకుండా ఇన్వర్టర్‌కి వేరే ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్), మూసేవాళ్లకి ఫ్యాన్లు, లైట్లు మాత్రం ఆపే ఇంకో స్విచ్. ఎలక్ట్రీషియన్‌కి రెండు గంటల పని. ఇది మాత్రం ఎవరి సంతకం లేకుండా రేపే చేయించుకోవచ్చు.