కొత్త టెర్మినల్ కట్టకముందే ప్రయాణికుల నుంచి రుసుము వసూలు చేయడం సబబేనా?

గగనవీధి:
ఏటేటా రద్దీ పెరుగుతున్న విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ కావాలంటే కాదనేవారు తక్కువ. పేచీ అంతా ఖర్చు దగ్గరే. పునాది పడకముందే టికెట్టులో కొంత రుసుము కలిపి వసూలు చేస్తే అప్పు తగ్గుతుంది, వడ్డీ మిగులుతుంది, భవనం తెరిచిన రోజున చార్జీలు ఒక్కసారిగా పెంచాల్సిన అవసరమూ ఉండదు. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం ఐదో టెర్మినల్ కోసం 2018 జులై నుంచే ఇలా వసూలు చేస్తోంది. నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తోంది. కాదనేవారు కారణాలు చెప్పగలరు.

లెక్కలచీటీ:
గగనవీధి గారూ, మీ ఉదాహరణే మీ వాదనకు ఎదురు తిరుగుతోంది. 2020లో కోవిడ్ రాగానే ఆ టెర్మినల్ పని రెండేళ్ళు ఆగింది. శంకుస్థాపన 2025 మేలో జరిగింది, తెరిచేది 2030ల మధ్యకాలంలో అంటున్నారు. 2018లో రుసుము కట్టినవారిలో ఎందరు అందులో అడుగుపెడతారు? వడ్డీ మిగులుతుందన్నారు గానీ, అది మిగలదు. సంస్థ మోయాల్సిన భారం కాస్తా ప్రయాణికుడి జేబుకు మారుతుంది, అంతే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విధానం కూడా ముందస్తు వసూలును పూర్తిగా కాదనలేదు కానీ, గట్టి ఆర్థిక పర్యవేక్షణ, దాపరికం లేని లెక్కలు, వాడకందారులతో ముందుగా సంప్రదింపులు, పరిమిత కాలం అనే షరతులు పెట్టింది. చాలా ప్రతిపాదనలలో మొదట వదిలేసేది ఈ షరతులనే.

అంచనాలు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మాంట్రియల్ దగ్గరి మిరాబెల్ చాలు. 1975లో ఎంతో ఆశతో తెరిచిన ఆ విమానాశ్రయంలో 2004లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, 2014లో టెర్మినల్ కూల్చివేత మొదలైంది.

తెల్లవారుజాము:
నేను కొన్నేళ్ళు చెక్-ఇన్ కౌంటర్‌లో పనిచేశాను. పొద్దున ఆరింటికి హాలులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. పదకొండింటికి అదే హాలులో నేల తుడిచే యంత్రం అడ్డూ ఆపూ లేకుండా తిరిగేది. నూట ఎనభై సీట్ల విమానాలు మూడు ఇరవై నిమిషాల తేడాలో బయలుదేరితే ఐదు వందల నలభై మంది దాదాపు ఒకేసారి భద్రతా తనిఖీ ముందు పోగవుతారు. అందుకే టెర్మినల్ కొలతలు ఏడాది మొత్తం సంఖ్యను బట్టి కాక రద్దీ గంటను బట్టి నిర్ణయిస్తారు. అదీ ఏడాదిలో అన్నిటికంటే రద్దీ అయిన గంట కాదు, చాలాచోట్ల ముప్ఫయ్యో స్థానంలో నిలిచే గంట. అంటే దానిని మించిన రద్దీ ఉండే గంటలలో కాస్త ఇరుకును తెలిసే ఒప్పుకొంటారన్నమాట. రెండు విమానాల వేళలు అరగంట జరిపితే తీరిపోయే ఇరుకుకు కొత్త భవనం ఎందుకని నేను అప్పట్లోనే అడిగేదాన్ని. (సమాధానం మాత్రం ఎప్పుడూ రాలేదు.)

గగనవీధి:
వేళలు జరపడం కొంతవరకే సాధ్యమండీ. వ్యాపార ప్రయాణికుడు తెల్లవారుజామునే వెళ్ళాలనుకుంటాడు. ఇక దశలవారీగా కట్టవచ్చు కదా అంటే, హాలును ముక్కలుగా పెంచవచ్చు గానీ సామాను చేరవేసే వ్యవస్థను తర్వాత అతికించడం కష్టం. డెన్వర్ విమానాశ్రయం 1993 అక్టోబరులో తెరవాల్సింది. యంత్రాలతో నడిచే బ్యాగేజీ వ్యవస్థ మొరాయించడం వల్ల అది 1995 ఫిబ్రవరికి గాని తెరుచుకోలేదు. హీత్రో ఐదో టెర్మినల్ భవనం 2008 మార్చి 27న అనుకున్న రోజుకే సిద్ధమైనా, తొలిరోజునే సామాను చిక్కుపడి విమానాలు రద్దయ్యాయి. అటువంటి భాగాలకు మొదటే పెద్ద మొత్తం కావాలి. చేతిలో కొంత సొమ్ము చూపనిదే అప్పిచ్చేవారు తక్కువ వడ్డీకి ముందుకు రారు.

లెక్కలచీటీ:
ఆ మేరకు ఒప్పుకుంటాను. సామాను సొరంగం, భూమి, విమానాలు నిలిపే స్థలం వంటివి ముక్కలుగా కట్టలేం కాబట్టి, వాటివరకే ముందస్తు వసూలు పెట్టవచ్చు. అయితే ఆ సొమ్ము విడి ఖాతాలో ఉండాలి, చెప్పిన తేదీకి పని మొదలుకాకపోతే వసూలు ఆగాలి. హాళ్ళు, గేట్ల ఖర్చును మాత్రం అప్పుగా తెచ్చి, వాటిని వాడుకునేవారి నుంచే తర్వాత రాబట్టాలి. పని ఆగిపోతే కట్టినవారిని వెతికి డబ్బు తిరిగి ఇవ్వడం ఎవరి తరమూ కాదు కనుక, ఖాతాలో ఉన్న మొత్తాన్ని పాత టెర్మినల్ చార్జీలలో తగ్గించాలని ఒప్పందంలోనే రాయించాలి. దీనికి మీకు అభ్యంతరం ఉందా?