అప్‌డేట్: బోరు మీటర్ బ్యాటరీ గోల తీరింది
మొన్న అడిగాను కదా, ఎన్‌బీ-ఐఓటీ (చిన్న పరికరాలు కొద్దిపాటి డేటా పంపే మొబైల్ నెట్‌వర్క్) సిమ్ పెట్టిన బోరు నీటిమట్టం మీటర్ గంటకోసారి నాలుగు అంకెలు పంపడానికే బ్యాటరీ తినేస్తోందని, దొరికింది, అందరికీ థాంక్స్. యాంటెన్నా మార్చా, తేడా ఏం లేదు, సిగ్నల్ మొదట్నుంచీ బానే ఉంది. కరెంటు కొలిస్తే తెలిసింది, డేటా సెకనులో వెళ్ళిపోతోంది, ఇంకేమైనా వస్తుందేమోనని నెట్‌వర్క్ 20 సెకన్లు కనెక్షన్ వదలట్లేదు, మోడెమ్ ఊరికే మేలుకుని కూర్చుంటోంది పాపం. నెట్‌వర్క్ కనెక్షన్ వదిలితేగానీ మోడెమ్‌కి పీఎస్‌ఎం (బ్యాటరీ ఆదా చేసే పవర్ సేవింగ్ మోడ్) నిద్ర మొదలవదు. చివరి ప్యాకెట్‌తోనే 'ఇక నా దగ్గరేం లేదు' అని చెప్పే ఆర్‌ఏఐ ఫ్లాగ్ (మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాల రిలీజ్ 13 నుంచే ఉంది) పెట్టమన్న సలహానే పనిచేసింది, ఇప్పుడు 2 సెకన్లలో వదిలేస్తోంది. సర్వర్ జవాబు కావాలంటే మాత్రం 'ఒక్క జవాబు వచ్చాక వదులు' అనే రకం ఆర్‌ఏఐ పెట్టాలి, నాకు అక్కడే ఓ రోజు పోయింది.