యాసిడ్ దాడి కేసు ఇంకా నడుస్తోంది, నష్టపరిహారం ఇప్పుడే అడగొచ్చా?

మాధవి_కె:
మా పిన్ని కూతురి మీద యాసిడ్ పోశాడు ఒకడు. ఎడమ చెంప, మెడ, చెయ్యి కాలిపోయాయి. ఎఫ్ఐఆర్ అయింది, వాడు బెయిల్ మీద బయట తిరుగుతున్నాడు. ఇంకా సర్జరీలు ఉన్నాయంటున్నారు, బాబాయి బంగారం కూడా తాకట్టు పెట్టేశాడు. గవర్నమెంట్ డబ్బులిస్తుందట కదా అని స్టేషన్‌లో అడిగితే "కేసు తేలనీ అమ్మా, వాడికి శిక్ష పడితే వస్తాయి" అన్నారు. అది తేలేసరికి ఎన్నేళ్ళవుతుందో. నిజంగా అంతవరకూ ఆగాలా? ఎవరికి అప్లికేషన్ పెట్టాలి?

కోర్టుపక్షి:
ఆగక్కర్లేదండి. వాడికి శిక్ష పడటానికీ దీనికీ లింకే లేదు, చేసినోడు దొరక్కపోయినా ఇవ్వాలనే చట్టంలో ఉంది. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 357ఏ, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 396. స్టేషన్ చుట్టూ తిరగడం మానేసి జిల్లా కోర్టుకి వెళ్ళి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీస్ ఎక్కడో అడగండి, అక్కడ సెక్రటరీగా ఉండేది జడ్జే. ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రి పేపర్లు, ఆధార్, అమ్మాయి పేరు మీద బ్యాంక్ పాస్‌బుక్ పట్టుకెళ్ళండి. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు.

సుప్రీంకోర్టు ఒప్పుకున్న 2018 స్కీమ్ ప్రకారం యాసిడ్ వల్ల ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. అందులో మొదటి లక్ష విషయం వాళ్ళ దృష్టికి వెళ్ళిన 15 రోజుల్లో, ఇంకో 2 లక్షలు ఆ తర్వాత రెండు నెలల్లోపు ఇచ్చెయ్యాలి. కాబట్టి అప్లికేషన్‌లో "మధ్యంతర పరిహారం" అని విడిగా రాయండి, అది రాయకపోతే ఫైల్ మామూలు స్పీడ్‌లో నడుస్తుంది, మామూలు స్పీడ్ అంటే తెలుసుగా. అసలైతే ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్ కాపీని స్టేషన్ వాళ్ళే న్యాయ సేవా సంస్థకి పంపాలి. మీ వాళ్ళు పంపారో లేదో అడిగి చూడండి, మొహాలు చూడాలి అప్పుడు.

ఊరికే_ఒకడు:
తిట్టకండి గానీ, ఇప్పుడే డబ్బు తీసుకుంటే రేపు వాడి లాయర్ "డబ్బు కోసం పెట్టిన కేసు" అనడా? మా చుట్టాల్లో ఒకళ్ళు ఇదే భయంతో రేప్ కేసులో అప్లికేషనే పెట్టలేదు.

కోర్టుపక్షి:
అంటాడు, అనడం వాడి డ్యూటీ. కానీ ఇది నిందితుడి దగ్గర తీసుకున్న రాజీ డబ్బు కాదు, ప్రభుత్వం చట్టప్రకారం ఇచ్చేది. ఇది తీసుకుంటే కేసు వదులుకున్నట్టూ కాదు. మీ చుట్టాలకి కూడా చెప్పండి, రేప్ కేసులో 4 నుంచి 7 లక్షలు ఉంది, ఘటన జరిగిన మూడేళ్ళలోపు గానీ విచారణ పూర్తయిన మూడేళ్ళలోపు గానీ అడగొచ్చు.

సునీత_పారాలీగల్:
ఒక విషయం ముందే చెప్తా, లేకపోతే తర్వాత గొడవలవుతాయి ఇంట్లో. మొత్తం ఆర్డర్ వచ్చాక డబ్బంతా చేతికి రాదు, 75 శాతం కనీసం మూడేళ్ళకి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు, 25 శాతమే వెంటనే వాడుకోవచ్చు. చుట్టాలు పట్టుకుపోకుండా ఇది మంచిదే అంటాను నేను, కానీ సర్జరీ ఉన్నోళ్ళకి మాత్రం నరకం. వైద్యం కోసం ఎక్కువ విడుదల చెయ్యమని అడిగే వీలుంది, డాక్టర్ దగ్గర ఖర్చు అంచనా రాయించుకుని జతచెయ్యండి. ఇచ్చింది తక్కువనిపిస్తే 30 రోజుల్లో రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకి అప్పీలు పెట్టుకోవచ్చు.

ఇంకోటి, బిల్లు ఎవరు కట్టమన్నారు? యాసిడ్ బాధితులకి ప్రైవేట్ ఆస్పత్రి అయినా ఫ్రీగా చూడాలి, వైద్యం చెయ్యం పొమ్మంటే అది నేరం. దాడికి గురైనోళ్ళు 2016 వికలాంగుల చట్టం కిందకి కూడా వస్తారు, ఆ సర్టిఫికెట్‌కి ఇప్పుడే అప్లై చేయించండి.

మాధవి_కె:
అక్కా, బిల్లులు కట్టేశాం చాలావరకు. రసీదులన్నీ బాబాయి దగ్గరున్నాయి. చెల్లి ఆఫీస్‌కి వచ్చే స్థితిలో లేదు, అప్లికేషన్ నేను వెళ్ళి ఇవ్వొచ్చా?

సునీత_పారాలీగల్:
ఇవ్వొచ్చు, ఆమె సంతకం చేయించుకుని వెళ్ళు. వెళ్ళేముందు 15100కి ఫోన్ చెయ్యి, న్యాయ సేవల హెల్ప్‌లైన్ అది. రసీదులు జిరాక్స్‌లే ఇవ్వు, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకు.