చదవని పుస్తకాలకు ఏడాది లెక్క ఎట్లా పెట్టుకోవాలి?

ప్రశ్న (తిరుపతి): అలమారలో చదవని పుస్తకాలు 40 దాకా ఉండాయి. నెలకిన్ని అనుకుంటే గంగజాతరకు, బ్రహ్మోత్సవాలకు చుట్టాలొచ్చి లెక్క తప్పుతుంది. సడలింపుండే పద్ధతి చెప్పండన్నా.

జవాబు (చిత్తూరు): నెలవారీ కోటా వద్దమ్మా. ఒక నెల తప్పితే బాకీ పేరుకుని మొత్తం వదిలేస్తారు. ఉగాది నుంచి ఉగాదికి 18 పుస్తకాలనుకోండి. 24 ఏరి వేరే అరలో పెట్టండి, ఆరు నచ్చకపోయినా ఇబ్బంది లేదు. జాతర నెల, బ్రహ్మోత్సవాల నెల తీసేస్తే సుమారు 300 రోజులు. పుస్తకానికి 200 పేజీల చొప్పున 3600, అంటే రోజుకు 12. రోజూ 15 చదివితే 60 రోజులు చేతిలో మిగుల్తాయి.

మరో జవాబు: పేజీల లెక్క నవలలకు సరే. పద్యకావ్యానికి వ్యాఖ్యానం, సాహిత్య విమర్శ అట్లా సాగవు. వాటికి రోజుకు అరగంట అని పెట్టుకోండి. లావు పుస్తకాలు మూడు చాలు, వెంటవెంటనే వద్దు, మధ్యలో కథల సంపుటి పడాలి. 50 పేజీలకూ పట్టకపోతే ఆపేయండి. ఎందుకు ఆగిందో చీటీ రాసి అక్కడే ఉంచితే మళ్లీ తీసినప్పుడు పనికొస్తుంది.

ఇంకో జవాబు: కొత్తవి కొనడమే అసలు గండం. రెండు ముగిస్తేనే ఒకటి కొనండి. గ్రంథాలయం నుంచి తెచ్చినవి 18లో కలపొద్దు.