డీఆర్650కి డిజిటల్ మీటరు: ఏది ఎంచుకోవాలి, ఎలా బిగించాలి?

డెన్వర్ దారి అడిగారు:

అందరికీ నమస్కారం. నేను కొలరాడోలో ఉంటాను. నా దగ్గర సుజుకీ డీఆర్650ఎస్‌ఈ ఉంది. 644 సీసీ సింగిల్ సిలిండరు, కార్బురేటరు, ముందు చక్రం నుంచి కేబుల్‌తో నడిచే ముల్లు స్పీడోమీటరు. అంటే బండి అచ్చంగా పాతకాలపు పద్ధతిలోనే ఉంది. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో) చూపే మీటరు గాని, పెట్రోలు ముల్లు గాని, ఇంజను వేడిని చూపే సాధనం గాని కంపెనీ ఇవ్వలేదు.

ఈ వేసవిలో శాన్ హువాన్ పర్వతాల్లోని ఆల్పైన్ లూప్, ఆ తర్వాత యూటాలోని వైట్ రిమ్ దారి వెళ్లాలనుకుంటున్నాను. వైట్ రిమ్ సుమారు 100 మైళ్లు ఉంటుంది, మధ్యలో పెట్రోలూ దొరకదు, తాగే నీళ్లూ దొరకవు. ఎంత దూరం వచ్చానో, ఇంజను ఎంత వేడెక్కిందో తెలియకుండా అలాంటి చోటికి వెళ్లడం నాకు ఇష్టం లేదు. అందుకే ముల్లు మీటరు తీసేసి డిజిటల్ మీటరు పెట్టుకోవాలని అనుకుంటున్నాను. ట్రెయిల్ టెక్, కోసో, ఏస్‌వెల్ కంపెనీల మీటర్లు చూశాను గాని, ఏది కొనాలో తేలడం లేదు. ఫోనునే హ్యాండిల్‌కు తగిలించుకుంటే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. వైరింగ్ పని నేనే చేసుకోవాలని ఉంది; మల్టీమీటరు వాడటం వచ్చు, అంతకు మించి అనుభవం లేదు. దయచేసి సలహా ఇవ్వగలరు.

ఫీనిక్స్ రెంచి సమాధానం:

ముందు ఫోను సంగతి తేల్చేద్దాం. మోటారు సైకిల్ ఇంజన్ల తీవ్రమైన కంపనాల వల్ల ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. పెద్ద సింగిల్ ఇంజను కంపనం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర లేదు. పైగా ఎండలో నిదానంగా వెళ్లేటప్పుడు ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు. మ్యాపు చూసుకోవడానికి ఫోను జేబులో ఉంచుకోండి, దూరం కొలిచే పని దానికి అప్పగించవద్దు.

ఇక మీటరు ఎంపిక విషయం. అట్టపెట్టె మీద రాసిన సదుపాయాల జాబితాను పక్కన పెట్టి, ఒక్కో అంకె ఏ సెన్సరు నుంచి వస్తుందో, ఆ సెన్సరుకు మీ బండిలో చోటు ఉందో లేదో ముందు చూడండి. ఉదాహరణకు పెట్రోలు గేజి ఉన్న మీటరుకు ఎక్కువ ధర పెట్టడం మీకు దండుగ, ఎందుకంటే డీఆర్650 ట్యాంకులో ఫ్లోటు (పెట్రోలు మట్టంతో పాటు లేచి దిగే సెన్సరు) లేదు. ఆ గడి ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది. మీ బండికి ట్రిప్ మీటరే (సున్నా చేసుకుని ఆ ప్రయాణపు దూరం చూసుకునే మీటరు) పెట్రోలు గేజి. కంపెనీ ట్యాంకులో సుమారు 13 లీటర్లు పడుతుంది; రిజర్వుకు తిప్పేసరికి మామూలుగా ఎన్ని మైళ్లు వస్తాయో తెలిసి ఉంటే, మిగిలిన లెక్క ట్రిప్ మీటరు చెబుతుంది. కాబట్టి మీకు మొదట కావలసింది దూరాన్ని సరిగ్గా కొలిచే మీటరు, ఆ తర్వాతే తక్కినవన్నీ.

ఆ దృష్టితో చూస్తే ట్రెయిల్ టెక్ వేపర్ లాంటి చిన్న మీటరు మీకు చాలు. అందులో వేగం, దూరం, ఆర్‌పీఎం, ఇంజను వేడి ఉంటాయి. లోపల చిన్న బటన్ బ్యాటరీ ఉండటంతో గడియారమూ లెక్కలూ పోవు. బండి కరెంటు ప్రధానంగా తెర వెనుక వెలుగు కోసం. కోసో, ఏస్‌వెల్ మీటర్లలో చాలా వాటికి ఇండికేటరు, న్యూట్రల్, హైబీమ్ దీపాలు అందులోనే కలిసి ఉంటాయి, చూడటానికి కూడా బాగుంటాయి. అయితే అవి ఎక్కువగా తారు రోడ్డును దృష్టిలో పెట్టుకుని చేసినవని నా అభిప్రాయం. వేపర్ తీసుకుంటే ఆ దీపాల కోసం విడిగా అమ్మే డాష్‌బోర్డు చట్రం కూడా కొనండి. వైట్ రిమ్‌కు నంబరు ప్లేటు ఉన్న, రోడ్డుకు అర్హమైన బండ్లనే అనుమతిస్తారు, ఒక్కరోజు వెళ్లి రావడానికైనా ముందుగా పర్మిట్ తీసుకోవాలి. హైబీమ్ దీపం పీకేసిన బండితో అక్కడికి వెళ్లడం మంచిది కాదు. ర్యాలీ పోటీల్లో వాడే ఐకో లాంటి ట్రిప్ యంత్రాలు, రోడ్‌బుక్‌లోని (దారి మలుపులూ వాటి దూరాలూ రాసిన పుస్తకం) దూరానికి సరిపోయేలా హ్యాండిల్ మీది బటన్‌తో అంకెలను పైకీ కిందికీ జరుపుకునే వాళ్ల కోసం చేసినవి. మీకు అవసరం లేదు.

బిగింపులో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది చక్రం దగ్గర. ముందు డిస్కును పట్టి ఉంచే బోల్టుల్లో ఒకదాన్ని తీసి, తలలో అయస్కాంతం ఉన్న బోల్టు పెడతారు. దానికి ఎదురుగా ఫోర్కు దగ్గర సెన్సరు ఉంటుంది. అది బ్రేకు బోల్టు అన్న సంగతి మరచిపోకుండా, తిరిగి విప్పడానికి వీలుండే మధ్యరకం త్రెడ్‌లాకరు (బోల్టు వదులు కాకుండా మరకు పూసే జిగురు) రాసి, సర్వీసు మాన్యువల్ చెప్పిన టార్కుతో (బిగింపు బలంతో) బిగించండి. సెన్సరుకూ అయస్కాంతానికీ మధ్య ఎడం కిట్‌తో వచ్చే పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. ఆ తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. సెన్సరు తీగను బ్రేకు గొట్టం వెంటే పైకి తీసుకువెళ్లండి. ఈ బండి ఫోర్కు సుమారు 260 మి.మీ. కదులుతుంది, బ్రేకు గొట్టం ఆ కదలికకు సరిపడేలా అమర్చినదే కాబట్టి, దాని వెంట వెళ్లిన తీగ తెగదు. అడ్డదారిలో లాగిన తీగ మాత్రం మొదటి పెద్ద గుంతలోనే తెగుతుంది.

పాత కేబుల్ తీసేశాక చక్రం దగ్గర ఉన్న స్పీడోమీటరు గేరు పెట్టెను కూడా తీసేయాలనిపిస్తుంది. అది ఇరుసు మీద స్పేసరు (ఎడం నింపే గొట్టం ముక్క) పని కూడా చేస్తోంది. తీసేస్తే అంతే వెడల్పున్న, దుమ్ము ఆపే సీలుతో సరిపడే స్పేసరు పెట్టాలి. లేదంటే దాన్ని అలాగే ఉంచి, కేబుల్ రంధ్రాన్ని నీళ్లు పోకుండా మూసేయండి.

చివరిగా చక్రం చుట్టుకొలత. ముందు టైరు 90/90-21 (90 మి.మీ. వెడల్పు, అందులో 90 శాతం ఎత్తు, 21 అంగుళాల రిమ్ము) కాబట్టి కాగితం మీద లెక్కకట్టితే వ్యాసం 695 మి.మీ., చుట్టుకొలత సుమారు 2,185 మి.మీ. వస్తుంది. కానీ మనిషి కూర్చుంటే టైరు కొద్దిగా నొక్కుకుపోతుంది, మట్టి దారికి గాలి తగ్గిస్తే ఇంకా నొక్కుకుపోతుంది. అందుచేత 2,185 పెట్టి మొదలుపెట్టి, తిన్నని రోడ్డు మీద జీపీఎస్‌తో పోల్చి చూసుకోండి. జీపీఎస్ 10 మైళ్లు చూపినప్పుడు మీటరు 10.3 చూపితే, 2,185ను 10తో గుణించి 10.3తో భాగించండి, 2,121 వస్తుంది, అదే మీ అంకె. చుట్టుకొలతలో 20 మి.మీ. తేడా ఉంటే 100 మైళ్లకు దాదాపు ఒక మైలు తేడా వస్తుంది.

మల్టీమీటరు సమాధానం:

రెంచి గారు చక్రం దగ్గర ఆగారు కాబట్టి నేను హెడ్‌లైటు వెనుక నుంచి మొదలుపెడతాను.

కరెంటును నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోకండి. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే తీగను ఎంచుకోండి. పాత మీటరు వెనుక వెలుగు కోసం వచ్చిన తీగ దీనికి బాగా పనికొస్తుంది. తాళం వేసి, తీసి, రెండు స్థితుల్లోనూ మల్టీమీటరుతో 12 వోల్టులు వస్తున్నాయో పోతున్నాయో చూసుకుని, మధ్యలో 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పులతో తీగను గుచ్చి కరెంటు తీసే పద్ధతి మట్టి బండికి పనికిరాదు, ఎందుకంటే గుచ్చిన చోట నీరు చేరి రాగి పచ్చబడుతుంది. సోల్డరింగ్ చేసిన చోట తీగ బిరుసెక్కి కంపనానికి అక్కడే విరగవచ్చు. మంచి క్రింపు (తీగలను లోహపు తొడుగులో నొక్కి కలపడం), దాని మీద లోపల జిగురున్న, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం, ఇదే నాకు ఎక్కువ నమ్మకమైన పద్ధతి.

ఆర్‌పీఎం కోసం సన్నటి తీగను స్పార్క్ ప్లగ్గు తీగ చుట్టూ కొన్ని చుట్లు చుడతారు. డీఆర్650లో రెండు ప్లగ్గులున్నాయి. ఏదో ఒకదాని తీగకు చుడితే చాలు. క్రాంక్‌షాఫ్టు నుంచి సంకేతం తీసుకునే ఇలాంటి సింగిల్ ఇంజన్లలో సాధారణంగా ప్రతి చుట్టుకూ ఒక స్పార్క్ పడుతుంది కాబట్టి, మీటరులో చుట్టుకు ఒక పల్సు (ఒక విద్యుత్ సంకేతం) అన్న అమరిక పెట్టండి. ఈ ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో సుమారు 1,500 చూపాలి. 3,000 గాని 750 గాని చూపితే ఇంజనులో తప్పు వెతక్కండి, ఆ అమరిక మార్చండి. అంకెలు పిచ్చిగా ఎగురుతుంటే ఒక చుట్టు తగ్గించి చూడండి. మీటరు తక్కిన తీగలు ప్లగ్గు తీగకు దూరంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

చాలామంది చిక్కుకునేది ఇండికేటరు దీపం దగ్గర. కుడి ఎడమలకు రెండింటికీ కలిపి ఒకే దీపం ఉన్న బండ్లలో, ఆ బల్బును కుడి తీగకూ ఎడమ తీగకూ మధ్య కలుపుతారు. ఒక పక్క వెలిగినప్పుడు రెండో పక్క బల్బుల గుండా దానికి ఎర్త్ దొరుకుతుంది. మామూలు బల్బుకు కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే. ఎల్‌ఈడీ మాత్రం ఒక దిక్కునే వెలుగుతుంది కాబట్టి, కొత్త చట్రంలో ఒక పక్క ఇండికేటరు వేస్తే దీపం వెలిగి, రెండో పక్కకు వెలగదు. దీనికి కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్లు రెండు తీసుకుని, ఒకటి ఎడమ తీగ నుంచి, మరొకటి కుడి తీగ నుంచి తెచ్చి, వాటి గీత ఉన్న కొసలను కలిపి ఎల్‌ఈడీ ప్లస్‌కు ఇవ్వండి. ఎల్‌ఈడీ మైనస్‌ను ఎర్త్‌కు కలపండి. డయోడ్ల ఖర్చు నామమాత్రం.

పాత మీటరు సాకెట్టును కోయకండి. దానికి సరిపడే సాకెట్టు తెచ్చుకుని కొత్త మీటరు తీగలను అందులో బిగించుకుంటే, ఎప్పుడైనా పాతది తిరిగి పెట్టవలసి వచ్చినా ఇబ్బంది ఉండదు.

వికారాబాద్ మట్టి సమాధానం:

నేను హైదరాబాదులో ఉంటాను, బండి హీరో ఇంపల్స్. 2011లో వచ్చి తర్వాత ఆగిపోయిన బండి కావడంతో ఒరిజినల్ మీటరు కోసం రాణిగంజ్‌లో తిరగడం కంటే యూనివర్సల్ మీటరు పెట్టుకోవడమే తేలిక అనిపించింది. ఇక్కడ ఈ చర్చ చదివే మన ఊరి వాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే యూనివర్సల్ మీటర్లు పనిచేయవని అనను, కానీ వాటి మీద రాసే వాటర్‌ప్రూఫ్ అన్న మాటను యథాతథంగా నమ్మవద్దు. వర్షంలో అనంతగిరి గుట్టల దారిలో తిప్పితే లోపల ఆవిరి పట్టే మీటర్లు ఎన్నో చూశాను. వెనుక మూత అంచుకు బిగించే ముందే సిలికాన్ రాసుకోవడం మేలు. కంపెనీ వేసిన గాలిరంధ్రం ఉంటే మాత్రం దాన్ని మూయకూడదు. ట్యాంకులో ఫ్లోటు ఉన్న బండ్లకు మీటరు సెట్టింగులో 100 ఓమ్‌లు, 510 ఓమ్‌లు లాంటి ఎంపికలు ఉంటాయి. ట్యాంకు నిండా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ ఫ్లోటు తీగల మధ్య నిరోధం కొలిచి చూసుకుని ఎంచుకోవాలి. అంచనాతో పెడితే సగం ట్యాంకును నిండు ట్యాంకుగా చూపుతుంది.

అయస్కాంతం బోల్టు దొరకని వాళ్లకు ఇంకో దారి ఉంది. పాత స్పీడోమీటరు కేబుల్ వచ్చే చోటే మరతో బిగించే ఎలక్ట్రానిక్ సెన్సర్లు కొన్ని మీటర్లతో వస్తాయి. గేరు పెట్టె అలాగే ఉంటుంది, స్పేసరు గొడవ ఉండదు. చక్రం ఒక చుట్టుకు ఎన్ని పల్సులు వస్తాయో మీటరుకు చెప్పాలి, అంతే. నిజానికి నిదానంగా వెళ్లేటప్పుడు ఇదే మెరుగు. ఒకే అయస్కాంతం ఉంటే, గంటకు 5 కి.మీ. వేగంలో 21 అంగుళాల చక్రం నుంచి పల్సుకూ పల్సుకూ మధ్య ఒకటిన్నర సెకను పడుతుంది. అందుకే రాళ్లలో పాకుతున్నప్పుడు వేగం అంకె సున్నాకు పడిపోయి మళ్లీ ఎగురుతుంది. అది లోపం కాదు, దూరం లెక్క కూడా తప్పదు.

స్పీడోమీటరు తీసేసి తిరగడం మాత్రం మన దగ్గర నిబంధనలకు విరుద్ధం. పోటీ కోసం తీసినా, రోడ్డెక్కే ముందు తిరిగి పెట్టాలి.

డెన్వర్ దారి తిరిగి రాశారు:

ముగ్గురికీ ధన్యవాదాలు. వేపర్, దానితో డాష్‌బోర్డు చట్రం తీసుకుంటాను, సాకెట్టు కోయను. రెండు సందేహాలు మిగిలాయి. గాలితో చల్లబడే ఇంజనుకు వేడి సెన్సరును ఎక్కడ పెట్టాలి, ఎంత చూపితే భయపడాలి? పాత ఓడోమీటరు అంకె ఏమవుతుంది?

ఫీనిక్స్ రెంచి సమాధానం:

రేడియేటరు ఉన్న డీఆర్‌జడ్400 లాంటి బండికైతే నీళ్ల గొట్టం మధ్యలో సెన్సరు పెడతారు. మీ బండికి స్పార్క్ ప్లగ్గు కింద ఉంగరంలా కూర్చునే సెన్సరు తీసుకోవాలి. ప్లగ్గు మర సైజు చూసి కొనండి, ఉంగరాలు వేర్వేరు సైజుల్లో వస్తాయి. తీగను ఇంజనును చల్లబరిచే లోహపు రెక్కల అంచుకు తగలకుండా, సైలెన్సరు గొట్టానికి దూరంగా తీసుకువెళ్లండి. ఎంత చూపితే భయపడాలన్నదానికి అందరికీ పనికొచ్చే అంకె నేను ఇవ్వను, ఎందుకంటే ప్లగ్గు కింద కొలిచే వేడి నూనె వేడికి చాలా పైన ఉంటుంది, అది కూడా సెన్సరు కూర్చున్న తీరును బట్టి మారుతుంది. ముందు డెన్వర్ చుట్టుపక్కల మామూలు రోడ్డు మీదా, ట్రాఫిక్‌లోనూ, ఒక ఎత్తైన ఎక్కుడు మీదా ఎంత చూపుతుందో రాసుకోండి. ఆల్పైన్ లూప్‌లోని ఇంజనీర్ పాస్ అనే కనుమ సుమారు 12,800 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పలచబడి రెక్కల నుంచి వేడి తక్కువగా పోతుంది, మొదటి గేరులో ఎక్కుతుంటే ఎదురుగాలి కూడా ఉండదు. మీరు రాసుకున్న అంకెల కంటే బాగా పైకి పోయి దిగిరాకపోతే, బండిని గాలికి ఎదురుగా నిలిపి ఇంజను ఆపేయండి. హెచ్చరిక దీపాన్ని ఆ అంకెకే సెట్ చేసుకోవచ్చు.

ఓడోమీటరు సంగతి: కేబుల్ తీసిన రోజు పాత అంకెను ఫోటో తీసి, తేదీతో సర్వీసు పుస్తకంలో రాసుకుని, పాత మీటరును అట్టిపెట్టండి. మోసగించే ఉద్దేశంతో ఓడోమీటరును మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం. బండి అమ్మేటప్పుడు రెండు అంకెలూ కొనేవాళ్లకు కాగితం మీద రాసి ఇచ్చి, టైటిల్ పత్రంలో (బండి యాజమాన్య పత్రం) మైళ్లు రాసే చోట మీ రాష్ట్రం ఏమి అడుగుతుందో మోటారు వాహనాల కార్యాలయంలో కనుక్కుని అలాగే నింపండి.