పెంపుడు పిల్లి వల్ల పసిబిడ్డకు ఎగ్జిమా పెరుగుతుందా?

మేము నెల్లూరు జిల్లా కావలిలో ఉంటున్నాము. మా పాపకు ఇప్పుడు 7 నెలలు. మూడవ నెలలో బుగ్గల మీద మొదలైన ఎర్రటి పొక్కులు చేతులకు, కాళ్లకు పాకి, దురదతో రాత్రిళ్లు బిడ్డను నిద్రపోనివ్వడం లేదు. పిల్లల వైద్యులు ఇది ఎగ్జిమా అని, అంటువ్యాధి కాదని చెప్పి, స్నానం చేయించిన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే, సువాసన లేని మాయిశ్చరైజర్ దట్టంగా రాయమన్నారు.

మా ఇంట్లో 4 ఏళ్లుగా ఒక పిల్లి ఉంది. దానిని ఎక్కడైనా వదిలి రమ్మని మా అత్తగారు పట్టుబడుతున్నారు (పాపకు తుమ్ము వచ్చినా ఆమె దృష్టిలో నేరం పిల్లిదే). నేను చదివినంతలో ఈ జబ్బుకు మూలం చర్మపు రక్షణ పొర బలహీనంగా ఉండటం, వంశపారంపర్యం. ఉబ్బసం, ఎగ్జిమా ఒకే కుటుంబంలో కనిపిస్తుంటాయట; మా వారికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. అయితే పిల్లి లాలాజలం నుండి, చర్మం నుండి వచ్చే ప్రొటీన్ పడనివారిలో దురదను పెంచగలదని, పిల్లిని పంపేసినా అది పరుపులలో, కర్టెన్లలో నెలల తరబడి నిలిచి ఉంటుందని కూడా తెలిసింది. అందువల్లనే మే నెలంతా పిల్లిని మా అమ్మగారింట ఉంచినా పాపకు తగ్గకపోవడం చూసి, పిల్లి కారణం కాదని తేల్చుకోలేకపోతున్నాను. పైగా ఆ నెల ఉక్కపోతకు, చెమటకు దురద ఇంకా ఎక్కువైంది.

ఇంత చిన్న వయసులో అలర్జీ పరీక్ష చేయించడం వల్ల ప్రయోజనం ఉంటుందా? పిల్లిని ఇంట్లోనే ఉంచి, పాప పడుకునే గదిలోకి రానివ్వకుండా చూసుకున్నవారికి మార్పు కనిపించిందా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.