వీధి దీపాలు మారుస్తున్నారు సరే, వెలుగు ఎక్కడ పడాలో ఎవరు చూస్తున్నారు?

గల్లీ చివరి ఇల్లు:

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మా వార్డులో పాత సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు బిగించి ఏడు నెలలైంది. ఇప్పుడు పక్క వార్డుల వంతు. "మాకు ఇంకా ఎక్కువ వాట్లవి కావాలి" అని ఒక కాగితం సంతకాలకు తిరుగుతోంది. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెబుతాను, కాదనేవాళ్ళు కాదనండి.

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. ఒక కంటికి మోతిబిందు ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కావాలి. పసుప్పచ్చ దీపాలున్నన్నాళ్ళూ పొద్దుగూకాక పాల ప్యాకెట్‌కు చౌరస్తా దాకా తనే వెళ్ళొచ్చేది. కొత్తవి వచ్చిన రెండో వారంలో మోరీ మీది బండ పక్కకు జరిగి ఉంటే చూసుకోక అందులో కాలు పెట్టింది. మడమ బెణికి ఇరవై రోజులు మంచం దిగలేదు. "ఇంత వెలుగులో ఎట్లా పడ్డావమ్మా" అంటే, "వెలుగంతా నా కండ్లల్లనే ఉంది బిడ్డా, కింద ఏడుంది?" అంది.

మర్నాడు రాత్రి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. ఆ బండ సరిగ్గా రెండు స్తంభాల నడుమ ఉంది. స్తంభం కింద మందుల షీటు మీది తేదీ చదవొచ్చు. అక్కడి నుంచి పాతిక అంగలు వేసి బండ దగ్గరికి వస్తే నా చెప్పులే నాకు కనబడలేదు. ఎదుటి స్తంభం మీది దీపం మాత్రం సూటిగా కళ్ళలో కొడుతోంది. నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే బండ అంచు కనబడింది. చెయ్యి తీస్తే మళ్ళీ మాయం. నాలుగైదు సార్లు చేసి చూశాను, ప్రతిసారీ అంతే. మీ గల్లీలో మీరూ ఈ రాత్రికి చేసి చూడండి.

అందుకే అంటున్నాను, ఇక్కడ వాట్లు పెంచితే చీకటి పోదు, ఇంకా ముదురుతుంది. స్తంభం ఎత్తు, స్తంభాల మధ్య దూరం, దీపం వంపు, దాని రంగు చూసుకుని మార్చాలి. ఉత్త బల్బు మార్పిడి చేసి పని అయిపోయిందంటే నేను ఒప్పుకోను.

రాత్రి బస్సు:

అన్నా, అమ్మ సంగతి విని బాధేసింది. కానీ నేను ఆ కాగితం మీద సంతకం పెట్టాను, ఎవరేమన్నా వెనక్కి తీసుకోను.

నాది దవాఖానలో డ్యూటీ. వారంలో నాలుగు రోజులు పదిన్నర బస్సుకు బైపాస్ దగ్గర దిగి ఇంటికి నడుస్తాను. ఆ పసుపు దీపాల కింద ఎదురొచ్చే మనిషి చొక్కా ఎర్రదో ఆకుపచ్చదో తెలిసేది కాదు. అంతా ఒకటే మట్టిరంగు. మొహం పోల్చుకునేసరికి దగ్గరికి వచ్చేసేవాడు. తెల్ల దీపాలు వచ్చాక చాలా దూరం నుంచే ఎవరో తెలుస్తోంది. ఆ నాలుగు క్షణాల తేడా ఏమిటో ఒంటరిగా నడిచే ఆడదాన్ని అడగండి. ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించకుండా ఇల్లు చేరుతున్నాను, నాకు అదే చాలు.

డిజైన్, సర్వే అని కూర్చుంటే వచ్చే దీపం కూడా రాదు. ముందు వెలుగు రానివ్వండి.

కరెంటు పని:

పందొమ్మిదేళ్ళుగా స్తంభాలెక్కే పని నాది. అక్క చెప్పింది నిజమే. సోడియం కింద రంగులు తెలియవు, ఆ దీపం గుణమే అంత. తెల్ల ఎల్‌ఈడీ ఆ విషయంలో ఎన్నో రెట్లు మేలు. కానీ అన్న చెప్పిన చీకటి కూడా నిజమే. అది ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాను.

దీపం 8 మీటర్ల ఎత్తున ఉంది, స్తంభానికీ స్తంభానికీ 40 మీటర్లు ఉందనుకోండి. నడుమ నిలబడ్డ మనిషికి దీపం 21 మీటర్లకు పైనే ఉంటుంది, పైగా వెలుగు ఏటవాలుగా పడుతుంది. అన్ని దిక్కులకూ ఒకే తీరుగా వెలుగిచ్చే దీపమైతే, స్తంభం కింద పడే దాంట్లో ఇరవయ్యో వంతు నేల మీద పడుతుంది. అటు దీపం, ఇటు దీపం కలిపినా పదో వంతే. ఆ దీపాన్ని రెండింతలు వాట్లది చేయండి, కిందా రెండింతలవుతుంది, నడుమా రెండింతలవుతుంది, పదో వంతు మాత్రం పదో వంతుగానే ఉంటుంది. కళ్ళకు కొట్టేది కూడా రెండింతలు. స్తంభం కింది వెలుగుకు అలవాటైన కన్ను ఆ నడుమ చీకట్లోకి రాగానే ఏమీ చూడలేదు.

దీనికి మందు లెన్స్. రోడ్డు పొడుగునా వెలుగు పరిచే లెన్స్ ఉన్న దీపం దొరుకుతుంది. తన కిందికి తక్కువ, దూరానికి ఎక్కువ పంపుతుంది. అదే వాట్లు, అదే కరెంటు.

రెండోది బ్రాకెట్. పాత సోడియం దీపాలకు పైపు పైకి వంచి బిగించేవాళ్ళం, రోడ్డు అవతలి అంచు దాకా వెలుగు పోవాలని. కొత్త దీపాన్ని అదే వంపు మీద బిగిస్తే మొహం పైకెత్తుకుని చూస్తుంది. ఎదురొచ్చే బండివాడి కళ్ళలోకి, మొదటి అంతస్తు కిటికీలోకి కొడుతుంది. నేనే అట్లా ఎన్నో బిగించాను. వంపు సరిచేసే క్లాంపు లేదు, సరిచేయమని ఎవరూ చెప్పలేదు, రోజుకు ఇన్ని దీపాలు అని లెక్క మాత్రం ఉండేది. ఆ గల్లీల్లో నడిచేటప్పుడు ఇప్పటికీ మనసు ఒప్పదు.

లెక్క అడిగేవాడు:

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. డబ్బు ఎవరిస్తారు? మన మున్సిపాలిటీల్లో మోరీలు తీసేవాళ్ళకే జీతాలు సరిగా అందవు. 2015 జనవరిలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దేశమంతా కోటికి పైగా ఎల్‌ఈడీ వీధి దీపాలు బిగించారు. గల్లీ గల్లీకీ కొలతలు తీస్తూ కూర్చుంటే ఆ పని జరిగేదా?

లెక్క చూడండి. 250 వాట్ల సోడియం దీపం చోక్ తినేదాంతో కలిపి 275 దాకా లాగుతుంది. రాత్రికి 11 గంటలంటే ఏడాదికి 4000 గంటల పైమాటే. అంటే 1100 యూనిట్లు. దాని చోట 120 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 480. ఒక్క దీపానికి 600 యూనిట్లకు పైగా మిగులుతున్నాయి. లాభం చేతికొచ్చింది కదా, ఇంకా సోకులెందుకు? టెండర్‌లో తక్కువకు వేసినవాడికి ఇస్తారు, అంతే.

గల్లీ చివరి ఇల్లు:

లెక్క అడిగినందుకు మంచిదైంది. మీ లెక్కలోనే ఇంకొంచెం ముందుకు పోదాం. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా అదే దీపాన్ని సగానికి తగ్గించే ఏర్పాటు ఉంటే ఏడాదికి ఇంకో 130 యూనిట్లు మిగులుతాయి. అది కొనేటప్పుడే అడగాలి, స్తంభానికి ఎక్కించాక అడిగితే దొరకదు. అట్లాగే వీధి దీపాలకు వేరే తీగ లేక మధ్యాహ్నం కూడా వెలుగుతున్న చోట ఎల్‌ఈడీ పెట్టినా ఆదా సగం మట్టిపాలే. ముందు ఆ తీగ, స్విచ్చు చూసుకోవాలి.

కొలతలు సోకు కాదు. ఐఎస్ 1944 అనే నంబరున్న భారతీయ ప్రమాణంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. పెద్ద రోడ్డుకు సగటున 30 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత), ఆ తర్వాతి దానికి 15, ఊళ్ళో ముఖ్యమైన వీధికి 8, చిన్న గల్లీకి 4. గల్లీకి నాలుగే! అందులోనే ఇంకో షరతు: చిన్న వీధుల్లో కూడా అన్నిటికంటే చీకటిగా ఉన్న చోటు వెలుగు సగటులో 0.3 వంతుకు తగ్గకూడదు. మా అమ్మ పడిన చోటు ఈ రెండో షరతు కిందికి వస్తుంది. మనం మొదటి అంకె కోసమే కొట్లాడుతున్నాం, రెండోదాన్ని అడిగేవాడు లేడు.

చూసుకోకుండా బిగిస్తే తర్వాత రెండుసార్లు ఖర్చు. అమెరికాలో కాలిఫోర్నియాలోని డేవిస్ అనే ఊళ్ళో 2014లో ఇళ్ళ మధ్య పెట్టిన 4000 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె పెరిగే కొద్దీ పసుపు తగ్గి నీలం పెరుగుతుంది) ఎల్‌ఈడీలు కళ్ళకు కొడుతున్నాయని జనం గోల పెడితే, వాటిని తీసి 2700 కెల్విన్‌వి పెట్టారు. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీధి దీపాలు 3000 కెల్విన్ దాటకుండా చూడమని సలహా ఇచ్చింది. మన దగ్గర గల్లీల్లో కూడా 5700, 6500వి వేలాడుతున్నాయి. నీలం పాలు ఎక్కువైన కొద్దీ దీపం కళ్ళకు ఎక్కువ కొడుతుంది, మా అమ్మలాంటి మోతిబిందు కళ్ళకు అది ఇంకా కష్టం.

రాత్రి బస్సు అక్కా, మీరు చెప్పిన దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. పసుపు దీపాల కాలానికి పోదామని నేను అనడం లేదు. 3000 కెల్విన్ ఎల్‌ఈడీ కొద్దిగా పసుపు కలిసిన తెలుపు. దాని కింద చొక్కా రంగు తెలుస్తుంది, మొహమూ తెలుస్తుంది. ఎదురొచ్చేవాడి వెనక దీపం కళ్ళకు కొడుతుంటే మాత్రం ఏ దీపం కిందనైనా వాడు నల్లని బొమ్మగానే కనబడతాడు.

బైపాస్ పొలం:

నాది వేరే బాధ. మా పొలం ఊరి అంచున, కొత్తగా సెంట్రల్ లైటింగ్ వేసిన రోడ్డు పక్కనే. పోయిన వానాకాలం మడి మొత్తం ఈని కంకి వంచితే, దీపాలకు ఎదురుగా గట్టు వెంట ఏడెనిమిది మీటర్ల పట్టీ ఇంకా పొట్ట మీదే ఉంది. నీళ్ళు అవే, మందు అదే. ఒక్కో దీపానికి ఎదురుగా అర్ధచంద్రంలా పచ్చగా మిగిలిపోయింది. దూరం నుంచి చూస్తే ఎవరో గీత గీసినట్టు. వరి పొద్దు తగ్గడం చూసుకుని పూతకొచ్చే పంట. రాత్రంతా వెలుగు పడితే దానికి పొద్దు తగ్గినట్టు తెలియదు. కొన్ని రకాలకు ఇది మరీ ఎక్కువ. కోత మిషన్ ఆ పట్టీ కోసం మళ్ళీ రాదు కదా, పచ్చిది కూడా కలిసిపోయింది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, రోడ్డు మీద పోసి నాలుగు రోజులు ఆరబెట్టుకున్నాను.

వాట్లు పెంచమని సంతకాలు పెట్టేవాళ్ళు మా వైపు కూడా చూడండి. దీపానికి పొలం వైపు ఒక రేకు అడ్డం పెడితే పొలంలోకి వెలుగు చాలా వరకు పోదట. రోడ్డుకు పెద్దగా తగ్గదు.

లెక్క అడిగేవాడు:

ఈ వరి సంగతి నాకు నిజంగా తెలియదు. సగానికి తగ్గించే ఏర్పాటు లెక్క కూడా మళ్ళీ వేసుకున్నాను, 130 యూనిట్లు సరిగ్గానే ఉంది. అయినా ప్రతి గల్లీకీ కొలతలంటే నమ్మకం కుదరడం లేదు. ఎవరు తీస్తారు?

కరెంటు పని:

ప్రతి గల్లీకీ అక్కర్లేదు అన్నా. మన ఊళ్ళో రోడ్ల రకాలు నాలుగో ఐదో. ఒక్కో రకంలో ఒక్క గల్లీ కొలిస్తే మిగతావి దాన్నే పట్టుకుపోవచ్చు. టెండర్ కాగితంలో కొన్ని మాటలు చేరిస్తే చాలు: రోడ్డు పొడుగునా పరిచే లెన్స్, గల్లీలకు 3000 కెల్విన్, వంపు సరిచేసే క్లాంపు, అడ్డు రేకు, పిడుగుల కాలంలో కాలిపోకుండా సర్జ్ ప్రొటెక్టర్. ఆ చివరిది లేకనే వేసవి గాలిదుమారాలకు దీపాలు వరసగా పోతాయి.

చెట్లు కూడా చూడాలి. పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గుడికి వెళ్ళినప్పుడల్లా నాకు ఈ పనే గుర్తొస్తుంది. గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా నిలబడి ఉంటుంది. స్తంభాలు ఎక్కడ నిలపాలో, వెలుగు ఏ పక్క నుంచి రానివ్వాలో చూసుకుని కట్టారు. మనమేమో కానుగ చెట్టు కొమ్మల్లోకి దీపం దూర్చి, కింద చీకటిగా ఉందని ఇంకో దీపం వేస్తున్నాం. కొమ్మ కొట్టక్కర్లేదు, పైపు ఒక మీటరు ముందుకు జరిపితే సరిపోతుంది.

నేనొక మాట చెబుతాను. పక్క వార్డులో పని మొదలయ్యే ముందు ఒక్క గల్లీలో నాలుగు స్తంభాలకు అడగండి. రెండింటికి ఎక్కువ వాట్లవి, రెండింటికి లెన్స్ సరిచూసినవి. రాత్రి ఎనిమిదింటికి పెద్దవాళ్ళను, పిల్లలను నడిపించి చూడండి. నిచ్చెన నాది, కూలి అడగను.

రాత్రి బస్సు:

నడవడానికి నేనూ వస్తాను, కానీ ఎనిమిదింటికి కాదు, పదిన్నరకు పెట్టండి. ఆ వేళకు దుకాణాల లైట్లన్నీ ఆరిపోతాయి, వీధి దీపం ఒక్కటే మిగులుతుంది. సంతకం వెనక్కి తీసుకోను గానీ, దాని కింద ఈ టెండర్ మాటలు చేర్చడానికి ఒప్పుకుంటాను. ఇంకోటి, బైపాస్ దిగాక రైస్ మిల్లు గోడ మలుపులో ఒక్క స్తంభం కూడా లేదు. లెన్స్ ఏదైనా, రంగు ఏదైనా, ముందు అక్కడ ఒకటి పాతించండి.